వినతిపత్రంలో లేని కూలీ, కథలో లేని యజమాని

నా బల్లమీద రెండు కాగితాల కట్టలున్నాయి. ఒకటి పదేళ్ళ నాటిది. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల యజమానుల సంఘమొకటి ప్రభుత్వానికి ఇచ్చిన వినతిపత్రం నకలు. రెండోది, నా దగ్గర చదువుకున్న ఒక యువకుడు ఈమధ్య అభిప్రాయం చెప్పమని ఇచ్చిపోయిన కథ. అదీ పాలిష్ ఫ్యాక్టరీ గురించే. మొదటిదాంట్లో కూలీ లేడు. రెండోదాంట్లో యజమాని లేడు. పేర్లూ సంఖ్యలూ ఉన్నాయి గనక ఇద్దరూ ఉన్నట్టే కనిపిస్తారు. ఈ రెండు లోపాలకూ లోపల్లోపల ఒక సంబంధం ఉందని నాకు తోస్తున్నది. సీమ సాహిత్యం అనగానే మనం కరువు దగ్గర మొదలుపెట్టి ముఠాకక్షల దగ్గర ఆగిపోతుంటాం. ఈసారి కాస్త పక్కకు జరిగి, వ్యాపారస్తుడూ ప్రభుత్వమూ మాట్లాడుకునే భాషను గురించి, ఆ భాష మన కథల్లోకి ఎందుకు రాలేదన్నదాన్ని గురించి రాయదలచాను.

ముందే ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ వినతిపత్రం రాసింది నేనే.

అప్పట్లో నేను పనిచేస్తున్న బడి బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్లల మధ్య పరుచుకున్న రాతినేలలో ఉండేది. పాత కర్నూలు, కడప జిల్లాల హద్దు అక్కడ కంటికి ఆనదు. నేల కింద సున్నపురాయి రెండు వైపులా ఒక్కటే. పలకలు పలకలుగా లేస్తే అది నాపబండ, ఊరు దాటితే కడప బండ. బట్టీలోకి పోతే సిమెంటు. ఊళ్ళ చుట్టూ పనికిరాని ముక్కల గుట్టలు, కోత యంత్రాల కింది బూడిదరంగు బురద. తరగతిలో సగంమంది పిల్లల అమ్మానాన్నలు క్వారీలోనో, పాలిష్ ఫ్యాక్టరీలోనో ఉండేవాళ్ళు. ఒక సాయంకాలం ముగ్గురు యజమానులు మా ఇంటికి వచ్చారు. కరెంటు చార్జీలు, రాయల్టీ మోయలేకపోతున్నామనీ, మంత్రిగారు టైం ఇచ్చారనీ, కాగితం తయారుచేసి పెట్టమనీ అడిగారు. “మీరు తెలుగు ఎమ్మే గదా సార్. మా గుమాస్తా రాస్తే అర్జీ మాదిరి ఉంటాది. వినతిపత్రం మాదిరి ఉండాల” అన్నాడు వారిలో పెద్దవాడు.

ఆ మాట నన్ను ఇన్నేళ్ళూ వదల్లేదు. అర్జీకీ వినతిపత్రానికీ తేడా నిఘంటువులో దొరకదు. సమాజంలో మాత్రం బండ మీద గీసినంత స్పష్టంగా ఉంది. రేషన్ కార్డు కోసం ముసలమ్మ ఇచ్చేది అర్జీ. సోమవారంనాడు కలెక్టరు కచేరీలో చెట్టుకింద కూర్చున్నవాని చేత పాతిక రూపాయలకు రాయించుకునేది. యజమానుల సంఘం శాలువాతో సహా ఇచ్చేది వినతిపత్రం. సిమెంటు కంపెనీ స్థాయికి పోతే అది నివేదిక అవుతుంది, చల్లని గదిలో తెరమీద రంగు బొమ్మలతో చూపిస్తారు. ఇంకా పైకి పోతే అడగడమే ఉండదు. అడగవలసింది ప్రభుత్వమే రాసి ‘పారిశ్రామిక విధానం’ అని పేరు పెడుతుంది. మెట్టు ఎక్కేకొద్దీ కాగితం మీద ప్రాధేయపడే క్రియాపదాలు తగ్గిపోతుంటాయి. సామాజిక భాషాశాస్త్రం చదివే విద్యార్థులెవరైనా ఈ నాలుగు రకాల కాగితాలను పక్కపక్కన పెట్టి చూస్తే, వర్గస్వభావం వ్యాకరణంలో ఎలా దిగుతుందో పరిశోధన వ్యాసానికి సరిపడా సామగ్రి దొరుకుతుంది.

నేను రాసిన దాంట్లో నాలుగు కోర్కెలున్నాయి. వాళ్ళు చెప్పిన వరుసలోనే రాశాను. గని లీజుల కాలపరిమితి, రాయల్టీ మొదటిది. కరెంటు రెండోది. రోడ్లు మూడోది. తనిఖీలు తగ్గించడం నాలుగోది. ఈ నాలుగోదాన్ని రాయడానికి నేను చాలా కష్టపడ్డాను. ‘తనిఖీల పేరిట జరుగుతున్న వేధింపుల నుండి చిన్న పరిశ్రమకు విముక్తి కలిగించాలి’ అని రాశాను. విముక్తి! పదిహేనేళ్ళు మన పత్రికలు చదివి, మన సభల్లో కూర్చుని సంపాదించుకున్న మాట అది. దాన్ని తీసుకుపోయి ఎక్కడ పెట్టానో చూడండి. అప్పటి 1948 ఫ్యాక్టరీల చట్టం, కరెంటుతో నడిచేచోట పదిమంది పనివాళ్ళుంటే వర్తించేది. ఇరవైమంది పనిచేసే షెడ్డులో హాజరు పుస్తకంలో ఆరేడు పేర్లే ఎందుకుంటాయో నాకు తెలియనిదేం కాదు. ఆ ఇరవైమందిలో కొందరి పిల్లల పేర్లు నా హాజరు పుస్తకంలో ఉన్నాయి.

ఇక భాష సంగతి. ఆ నకలును ఇప్పుడు విమర్శకునిగా చదువుతుంటే మొదట కంటికి తగిలేది ‘బడు’ ధాతువు. ‘ఉపాధి కల్పించబడుతున్నది’, ‘వేలాది కుటుంబాలు పోషించబడుతున్నాయి’, ‘పరిశ్రమ దెబ్బతీయబడుతున్నది’. తెలుగువాడు మాట్లాడేటప్పుడు కర్మణి ప్రయోగం జోలికి పోడు. మా ఊళ్ళో ఎవరూ ‘అన్నం వండబడింది’ అనరు, ‘అమ్మ వండింది’ అంటారు. గిడుగు నాటినుంచి వ్యావహారికం కోసం ఇంత పోరాటం జరిగినా, వినతిపత్రంలో మాత్రం ‘బడు’ చెక్కుచెదరకుండా బతికి ఉంది. ఎందుకు? కర్తను దాచడానికి అంతకంటే మంచి సాధనం తెలుగులో లేదు. ఉపాధి ఎవరు కల్పిస్తున్నారు? ఎంత కూలికి? బండ మీద పడితే ఎవరు చూస్తారు? ‘కల్పించబడుతున్నది’ అన్నాక ఈ ప్రశ్నలు వేయడానికి వాక్యంలో చోటుండదు. ఆ పత్రంలో ‘కార్మికులు’ అన్న మాట మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ దాని ముందర అంకె ఉంది. ఒక్కసారి కూడా అది క్రియకు కర్త కాలేదు. కార్మికుడు ఏ పనీ చేయకుండానే పరిశ్రమ నడుస్తున్నట్టు నేను మూడు పేజీలు రాయగలిగాను. ఎమ్మేలో మంచి మార్కులే వచ్చాయి నాకు.

ఆ కాగితం ఫలితం గురించి కూడా చెప్పాలి. నాలుగు కోర్కెల్లో కొంత సడలింపు దొరికింది మొదటిదానికి. దాని లాభం ముందుగా ముట్టింది పెద్ద గనులు చేతిలో ఉన్నవారికి. కరెంటు బిల్లుతో నిజంగా నలిగిపోతున్న ఒక్క యంత్రం యజమానులు, ఎవరి గొంతుతో నేను ఆ పత్రం రాశానో వాళ్ళు, ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. తర్వాత రెండేళ్ళకు వారిలో ఒకరు యంత్రం అమ్మేసి హైదరాబాదు పోయి అపార్టుమెంటుకు కాపలా ఉన్నాడు. ‘చిన్న పరిశ్రమ’ అన్న మాట ఆ కాగితంలో ముసుగుగా పనిచేసింది. సంఘంలో చిన్నవాళ్ళు సంఖ్యకు, పెద్దవాళ్ళు సంతకానికి.

ఈ తంతు మన ప్రాంతానికి కొత్త కాదు. కర్నూలు–కడప కాలువ చరిత్ర తీసుకోండి. మనం దాన్ని కే.సీ. కెనాల్ అని, కాటన్ దొర పేరు తలచుకుని, పుణ్యకార్యంగా చెప్పుకుంటాం. సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట కట్టి, 1860లలో దాదాపు మూడువందల కిలోమీటర్లు తవ్విన ఆ కాలువ మొదట ప్రభుత్వానిది కానే కాదు. లండన్‌లో వాటాలు అమ్మి మూలధనం కూర్చుకున్న మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీది. ఇండియాలో కాలువలు, రైళ్ళు వేయమని ఇంగ్లండు ప్రభుత్వాన్ని ఏళ్ళ తరబడి ఒత్తిడి చేసినవారిలో మాంచెస్టరు బట్టల మిల్లుల యజమానులు ముందున్నారు. వాళ్ళకు పత్తి కావాలి, బట్ట అమ్ముకోవడానికి దారి కావాలి. అమెరికా అంతర్యుద్ధంతో, అంటే 1861 తర్వాత, పత్తి రాక ఆగిపోయేసరికి ఆ గొంతు మరింత పెరిగింది. కంపెనీ ఊరికే పెట్టుబడి పెట్టలేదు. పది లక్షల పౌండ్ల మూలధనం మీద అయిదు శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. లాభమొస్తే వాటాదారులది, రాకపోతే మద్రాసు రాజధానిలో శిస్తు కట్టే రైతుది. నల్లరేగడిలో జొన్న, పత్తి పండించే రైతు నీళ్ళు కొనడానికి ముందుకు రాలేదు. కంపెనీ లెక్క తప్పింది. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది.

ఈ మధ్యలో 1876–78 కరువు వచ్చిపోయింది. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాల్లో మనుషులు ఎలా రాలిపోయారో చరిత్ర పుస్తకాల్లో ఉంది. అయినా ఇక్కడ ఒక మాట ఆలోచించి అనాలి. ఆ కాలువ వల్ల ఈనాటికీ పండే పొలాలున్నాయి. కంపెనీ లాభం కోసం తవ్వింది గనక నీళ్ళు నీళ్ళు కాకుండా పోవు. 1853లో ఇండియా గురించి న్యూయార్కు పత్రికకు రాసిన వ్యాసాల్లో మార్క్స్ ఈ చిక్కును పట్టుకున్నాడు. మిల్లుల యజమానులు తమ చవక పత్తి కోసమే రైళ్ళు కోరుకుంటున్నారు, కానీ యంత్రం ఒకసారి దేశంలో అడుగుపెట్టాక వాళ్ళు కోరుకున్న హద్దులో ఆగదు అన్నది ఆయన వాదన. గతితార్కికం అని మనం సభల్లో తరచు వాడే మాటకు అర్థం ఇలాంటిచోట తెలియాలి. కథలో ఇది ఎక్కడైనా ఉందా? కే.సీ. కాలువ గట్టున నడిచిన కథలున్నాయి. దాన్ని తవ్వించిన వాటాదారుడు, అతనికి వడ్డీ కట్టిన రైతు ఒకే కథలో ఎదురుపడింది నేనింతవరకు చదవలేదు. నవల కోసం వస్తువు వెదుక్కునే మిత్రులకు ఈ నూటయాభై ఏళ్ళ సంగతి అప్పజెబుతున్నాను.

స్వదేశీ పెట్టుబడిదారుల సంగతికి వస్తే 1944 జనవరిలో వచ్చిన బాంబే ప్లాన్ ఉండనే ఉంది. జె.ఆర్.డి. టాటా, జి.డి. బిర్లా, పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్, లాలా శ్రీరామ్, కస్తూర్‌భాయ్ లాల్‌భాయ్ మొదలైన ఎనిమిదిమంది తయారుచేసింది. పదిహేనేళ్ళకు పదివేల కోట్ల రూపాయల ప్రణాళిక. దేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు, అప్పటికే రాబోయే ప్రభుత్వం ఏం చేయాలో వ్యాపారస్తులు రాసిపెట్టారు. విశేషమేమిటంటే ప్రభుత్వం జోక్యం చేసుకోవద్దని వాళ్ళు అనలేదు, చేసుకోమన్నారు. తమకు అందని భారీ పెట్టుబడి ప్రభుత్వం పెట్టాలి, విదేశీ పోటీనుంచి రక్షణ కావాలి. కాళీపట్నం రామారావుగారు 1970ల మొదట్లో ‘కుట్ర’ రాసినప్పుడు ఆయన చేసిన పని, ఈ ఒప్పందపు చరిత్రను ఒక మనిషి నోట సామాన్యుల భాషలో చెప్పించడమే. అది కథా, వ్యాసమా అని అడిగే డిగ్రీ విద్యార్థులు ఇప్పటికీ నాకు ఎదురవుతుంటారు. ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అందులో సంఘటన తక్కువ, వాదన ఎక్కువ. కానీ ప్రణాళికలు, మిశ్రమ ఆర్థిక విధానం, లైసెన్సులు కథకుడి సరిహద్దులో ఉన్న విషయాలేనని తెలుగులో అంత ధైర్యంగా చెప్పిన కథ మరొకటి నాకు తెలియదు. ఆ ధైర్యాన్ని మనం పొగిడాం, దారిని మాత్రం వాడుకోలేదు. ‘యజ్ఞం’ అయితే అంతకుముందే అసలు రహస్యం చెప్పింది. ఊరికి రోడ్లొచ్చాయి, వ్యాపారమొచ్చింది, ఊరు బాగుపడింది, అప్పల్రాముడి కుటుంబం అప్పులో మునిగింది. ఊరి బాగుకు నిజంగానే పాటుపడిన పెద్దమనిషిగా శ్రీరాములునాయుణ్ణి చిత్రించడంలోనే ఆ కథ బలమంతా ఉంది. ఆయన్ని మీసాలు తిప్పే దుర్మార్గునిగా రాసి ఉంటే ‘యజ్ఞం’ గురించి మనం ఇన్నేళ్ళు తగాదాపడే వాళ్ళం కాదు.

ఇక ఇప్పుడు నా విద్యార్థి కథ. పేరు చెప్పను. అచ్చయితే మీరే చదువుతారు. అతని తల్లి అయిదేళ్ళు బండలు మోసింది. ఆ పని అతనికి చేతిలో తెలుసు. తడిబండను ఒడ్డుమీద ఎలా పట్టుకోవాలి, ఎక్కడ పట్టుకుంటే వేళ్ళు పోతాయి, లారీ నింపాక లెక్క ఎలా కడతారు, ముక్కయిన బండ కూలి ఎవరి ఖాతాలోనుంచి పోతుంది, అన్నీ ఉన్నాయి. మధ్యాహ్నం కోత యంత్రం ఆగినప్పుడు చెవుల్లో మిగిలే హోరు గురించి అతను రాసిన అరపేజీ సీమ కథల్లో నిలవదగ్గది. అంతలో యజమాని కారు దిగుతాడు. తెల్లబట్టలు, మెడలో గొలుసు, నోట్లో బూతు. ఆ క్షణంలో కథ చచ్చిపోతుంది. ఆ యజమానిని అతను చూడలేదు, సినిమాలో చూశాడు. అతని ఊళ్ళో యజమాని చెప్పులకు పిన్నీసు పెట్టుకుని, ఫైనాన్సు వాడి ఫోను ఎత్తకుండా తప్పించుకు తిరిగే మనిషి. నాలుగెకరాలు అమ్మి యంత్రం కొన్నవాడు. గుజరాతులోని మోర్బీ నుంచి వచ్చే టైల్సు చవగ్గా దొరుకుతుంటే తన బండ ఎవరు కొంటారో తెలియక నిద్రపోనివాడు. ఆ మనిషే తన దగ్గర పనిచేసే ఆడవాళ్ళకు రెండు వారాల కూలి ఎగ్గొడతాడు. రెండూ నిజం. రెంటినీ ఒకే పేజీలో మోయగలిగితేనే కథ.

ఈ మాట అన్నప్పుడు ఒక మిత్రుడు నన్ను గట్టిగానే నిలదీశాడు. “యజమాని మీద సానుభూతి రాయమంటావా? ఇక మిగిలిందేముంది?” అన్నాడు. సానుభూతి నేను అడగలేదు. గుర్తింపు అడుగుతున్నాను. శత్రువును గుర్తుపట్టలేని సాహిత్యం ఎవరికి ఉపయోగం? కోత యంత్రం ఒక్కటున్నవాడూ, వందల ఎకరాల గని లీజున్నవాడూ, విమానంలో వచ్చి ముఖ్యమంత్రితో టీ తాగి పోయేవాడూ మన కథల్లో ఒకే తెల్లబట్టల్లో తిరుగుతుంటే నష్టం ఎవరికి? మొదటివాణ్ణి చూపించి మూడోవాడు రాయితీలు తీసుకుంటాడని నేను రాసిన వినతిపత్రమే రుజువు. ఆ ముగ్గుర్నీ విడదీసి చూపించడం ఉపన్యాసంలో కష్టం, కథలో సాధ్యం. మనం చేయనిది అదే.

ఎందుకు చేయలేదో ఆలోచిస్తే కారణం చాలా మామూలుది. రావిశాస్త్రిగారు వకీలు. కోర్టు వరండాలో సాక్షి ఎలా తడబడతాడో, పోలీసు కాగితం ఎలా రాస్తాడో ఆయన రోజూ విన్నాడు. అందుకే సారా కథల్లో చట్టం ఊపిరి పీలుస్తుంది. సీమ కథకుల్లో మాలాంటి పంతుళ్ళు, అధ్యాపకులు ఎక్కువ. రైతు కుటుంబాలనుంచి వచ్చి జీతానికి కుదిరినవాళ్ళం. సేద్యం మనకు జ్ఞాపకం, బడి మనకు వర్తమానం. కేతు విశ్వనాథరెడ్డిగారి కథల్లో మారుతున్న కడప పల్లె ఎంత వివరంగా ఉంటుందో, సింగమనేని నారాయణగారి దగ్గర వేరుశనగ సేద్యం జూదంగా ఎలా మారిందో మనకు తెలుసు. ‘కొండపొలం’లో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారు గొర్రెలకాపరి వృత్తిని ఎంత దగ్గరగా చూపిస్తారో పాఠకులు ఎరుగుదురు. తెలిసిన పని ఉన్నచోట మన కథ ఎవరికీ తీసిపోదు. తెలియనిది కలెక్టరు చాంబరు లోపలి మాట. పారిశ్రామికవేత్తల సదస్సులో మధ్యాహ్న భోజనం దగ్గర జరిగే బేరం. అక్కడికి మనల్ని ఎవరూ పిలవరు. నన్ను మాత్రం పిలిచారు, రాయడానికి. నేను చెవులు మూసుకుని చెయ్యి ఆడించాను.

చొరబడితే ఏం దొరుకుతుందో బయటి సాహిత్యాల్లో చూడవచ్చు. డికెన్స్ 1854లో ‘హార్డ్ టైమ్స్’ రాశాడు. అందులో మిల్లు యజమానులు ప్రతి సంస్కరణకూ దివాలా తీస్తుంటారు. కూలీల పిల్లల్ని బడికి పంపమంటే నాశనమైపోయామంటారు, తనిఖీ అధికారిని వేస్తే నాశనమైపోయామంటారు, మా ఆస్తినంతా సముద్రంలో పారేస్తామని బెదిరిస్తారు. ఇంతవరకు ఒక్కడూ పారేయలేదు. డికెన్స్ వాళ్ళ వినతిపత్రాలను శ్రద్ధగా విన్నాడు, ఆ స్వరాన్నే పట్టుకుని నవ్వించాడు. నా నాలుగో కోర్కె పక్కన ఆ పేజీలు పెట్టి చదివితే నూటయాభై ఏళ్ళు అడ్డం వచ్చినట్టుండదు. ఇబ్సెన్ ‘ప్రజాశత్రువు’ నాటకం 1882లో వచ్చింది, మన కాలువను సర్కారు కొన్న ఏడాదే. ఊరి స్నానఘట్టాల నీళ్ళు విషమని డాక్టరు చెబుతాడు. అవే ఊరికి ఆదాయం. మేయరు ఎదురు తిరగడం మనం ఊహించిందే. చిన్న చిన్న ఇళ్ళ యజమానుల సంఘం మొదట డాక్టరు పక్షాన ఉండి, మరమ్మతు ఖర్చు తమ మీద పడుతుందని తెలిసిన క్షణంలో మితవాదం పేరుతో జారుకుంటుందే, అదీ నాటకంలో పదునైన ఘట్టం. పాలిష్ ఫ్యాక్టరీ సంఘాన్ని అర్థం చేసుకోవడానికి నాకు ఆర్థికశాస్త్ర గ్రంథాలకంటే ఆ నాటకం ఎక్కువ సాయపడింది.

వస్తువు కోసం దూరం పోనక్కరలేదు. జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు ఫ్యాక్టరీకి ఎన్ని శంకుస్థాపనలు జరిగాయో లెక్కపెట్టండి. 2007లో బ్రహ్మణి స్టీల్స్‌కు వై.ఎస్. రాజశేఖరరెడ్డి. దానికిచ్చిన భూమి పదివేల ఎకరాలకు పైమాటే, 2013లో ఆ కేటాయింపు రద్దయింది. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు ఆరు నెలల్లో పరిశీలించాలని ఉంది. 2018 డిసెంబరులో మైలవరం మండలం కంబాలదిన్నె దగ్గర చంద్రబాబునాయుడు. 2019 డిసెంబరులో సున్నపురాళ్ళపల్లె దగ్గర జగన్మోహనరెడ్డి. 2023 ఫిబ్రవరిలో మళ్ళీ ఆ ఊరిలోనే, ఈసారి జె.ఎస్.డబ్ల్యు. కంపెనీతో, సజ్జన్ జిందాల్ పక్కన ఉండగా. నాలుగు రాళ్ళు. రాళ్ళకు కరువులేని తాలూకా కాబట్టి సరిపోయింది. ప్రతి రాయికీ ముందు ఒక కంపెనీకీ ప్రభుత్వానికీ మధ్య సంభాషణ జరిగింది. భూమి ఎంతకు, నీళ్ళు ఎక్కడినుంచి, ఇనుపఖనిజం ఎవరిది, రాయితీ ఎన్నాళ్ళు. ఆ సంభాషణలో జమ్మలమడుగు నిరుద్యోగి ఒక అంకె. సభలో చప్పట్లు కొట్టిందీ అతనే. ఉద్యోగమొస్తుందని ఐ.టి.ఐ.లో ఫిట్టరు కోర్సు చేరి, రెండో రాయికీ మూడో రాయికీ మధ్య పెళ్ళయి, నాలుగో రాయినాటికి బెంగుళూరులో డెలివరీ పని చేసుకుంటున్న మనిషి నాకు తెలుసు. అతని గురించి కథ లేదు. పాట కూడా లేదు.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఓర్వకల్లు, కొప్పర్తిలను పారిశ్రామిక కేంద్రాలుగా ఆమోదించింది. ఓర్వకల్లుకు 2,621 ఎకరాలు, 2,786 కోట్లు. కొప్పర్తికి 2,596 ఎకరాలు, 2,137 కోట్లు. ఒకటి కర్నూలుకు, ఒకటి కడపకు. పరిశ్రమలు రావద్దని నేను అనను. పదోతరగతి పాసైన పిల్లవాణ్ణి ఏటా గుంటూరు మిరపకోతకో, బెంగుళూరు ఇటుకబట్టీకో, మేస్త్రీ పనికో సాగనంపే ఉపాధ్యాయుడు అలా అనలేడు. 1937 నవంబరులో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్ననాటినుంచి సీమ అడుగుతూనే ఉంది. (ఆ శ్రీబాగ్ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు. అమృతాంజనం అమ్మిన డబ్బుతో పత్రిక నడిపి, గ్రంథమాల వేసిన వ్యాపారి. వ్యాపారస్తులంతా ఒకేలాంటి వాళ్ళని రాసేముందు ఆయన్ని కూడా జ్ఞాపకం చేసుకోవాలి.) ఇక వ్యాపారం చేసుకోవడానికి అనువైన రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ ఒకటికంటే ఎక్కువసార్లు మొదటి స్థానంలో నిలిచింది. 2016లో తెలంగాణతో కలిసి, తర్వాత ఒంటరిగా. ఆ జాబితాలకు కొలమానాలు అనుమతుల వేగం, తనిఖీల సరళీకరణ వగైరా. కూలి రేటు ఎంత పెరిగిందన్నది కొలమానం కాదు. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజువారీ పని పరిమితిని 9 గంటలనుంచి 10 గంటలకు, మూడు నెలల ఓవర్‌టైం పరిమితిని 75 గంటలనుంచి 144 గంటలకు పెంచాలని నిర్ణయించింది. పెట్టుబడులు ఆకర్షించడానికే అని చెప్పారు. ఈ నిర్ణయం వెనుక ఎన్ని వినతిపత్రాలున్నాయో, వాటిలో ఎన్ని ‘బడు’లున్నాయో ఊహించగలను. వాటిని నాలాంటి తెలుగు ఎమ్మే ఎవరైనా రాశారా, లేక ఇంగ్లీషులోనే జరిగిపోయిందా అన్నది మాత్రం తెలుసుకోవాలని ఉంది.

మన పత్రికలు ఆ నిర్ణయాన్ని ఖండిస్తూ సంపాదకీయాలు రాయగలవు, రాయాలి కూడా. కథకుని పని అక్కడ మొదలవుతుంది. పదో గంట ఎలా ఉంటుందో సంపాదకీయం చెప్పలేదు. పదో గంటలో తడిబండ బరువెంతో నా విద్యార్థి తల్లి చెప్పగలదు. ఆ గంటను అడిగి తెచ్చుకున్న మనిషి ఆరోజు రాత్రి ఇంట్లో ఏం మాట్లాడాడో చెప్పగల రచయిత మనకు కావాలి.

అతనికి ఇదంతా చెప్పాను. అంత పొడుగ్గా కాదు. యజమానిని తీసేసి మళ్ళీ రాయమన్నాను. తీసేస్తే ఎలా అన్నాడు. అప్పుడు నా బీరువాలోని వినతిపత్రం నకలు తీసి ఇచ్చాను. పది నిమిషాలు చదివాడు. తలెత్తి, “ఇది మొత్తం కథలో పెడతాను సార్, ఒక్క అక్షరం మార్చకుండా” అన్నాడు. పెట్టుకోమన్నాను. చివరి పేజీ తిప్పి సంతకాలు చూశాడు. పదకొండున్నాయి.

“మీది యాడుంది సార్?” అని అడిగాడు.

రాసినవాడు సంతకం పెట్టనక్కరలేదని చెప్పాను. అతను ఆ మాటను కూడా తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు.